స్విచ్ ఆపినా ఆగని కరెంటు

కోరుట్లలో మా ఇంటి హాల్లో ఉన్న ఫ్యాను కిందటి నెలలో తిరగడం మానేసింది. స్విచ్ వేస్తే గుయ్యిమని ఒక మూలుగు వినిపించేది, రెక్కలు మాత్రం కదిలేవి కావు. చీపురు కర్రతో ఒక రెక్కను నెడితే బద్ధకంగా నాలుగు చుట్లు తిరిగి మళ్ళీ ఆగేది. మా ఆయన నన్నే నెట్టమన్నారు. నేను నెట్టలేదు. "కట్టెనే గదా, ఏమైతది?" అన్నారు. ఏమీ కాదని నాకూ తెలుసు. అరవై దాటిన మనిషిని, ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన దాన్ని. పైన కరెంటు, చేతిలో కర్ర అనేసరికి తెలిసినదంతా ఎటో పోతుంది. ఆయన ఇరవై రెండేళ్ళు దుబాయిలో ఉన్నారు. అన్నేళ్ళూ ఈ ఇల్లు నేనే నడిపాను, కట్టించిందీ నేనే. కానీ ఒక బల్బు మార్చాలన్నా పక్కింటి వాళ్ళను పిలిచేదాన్ని. వాళ్ళు వచ్చి స్టూలెక్కుతుంటే వంటింట్లోకి పోయి, దిగే దాకా అక్కడే ఏదో ఒక గిన్నె తోముతూ ఉండేదాన్ని.

ఆదివారం నాడు మా బిడ్డ స్వప్న జగిత్యాల నుంచి వచ్చింది. అక్కడ ఒక కాలేజీలో పిల్లలకు ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతుంది. పదో తరగతి అయ్యాక తాను ఆ చదువే చదువుతానంటే నేను ఎనిమిది రోజులు దానితో మాట్లాడలేదు. ఎందుకో చెప్పలేదు, అది అడగనూ లేదు. ఆ ఆదివారం వాళ్ళ నాన్న మెట్‌పల్లిలో పెళ్ళికి పోయారు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. ఫ్యాను మూలుగు విని అది నవ్వింది. "కండెన్సర్ పోయిందమ్మా. చిన్న డబ్బా అది. బజార్ల దొరుకుతది, ఐదు నిమిషాల పని," అంది. అన్నట్టే బస్టాండు దాకా పోయి తెచ్చింది. నిచ్చెన వేసింది. చెప్పులు వేసుకునే ఎక్కింది. "స్విచ్ బంద్ చేసినవా?" అని అడిగితే, "చేసిన, మూడుసార్లు చూసిన," అన్నాను.

అది ఫ్యాను పైనున్న గిన్నె మూతను కిందికి జరిపి, జేబులోంచి టెస్టరు తీసి ఒక వైరుకు ఆనించింది. టెస్టరులో ఎర్రటి దీపం వెలిగింది. స్వప్న చేయి అక్కడే ఆగిపోయింది.

"అమ్మా," అంది మెల్లగా, "స్విచ్ బంద్ ఉన్నా ఇక్కడ కరెంటు ఉన్నది. నువ్వు పోయి మెయిన్ తియ్యి."

మెయిన్ స్విచ్ వరండాలో ఉంది. నేను వరండాలోకి వెళ్ళాను. మెయిన్ ముందు నుంచే వెళ్ళాను. నా చేయి లేవలేదు. కాళ్ళు ఆగలేదు. మెట్లు దిగి, గేటు తీసుకుని, రోడ్డు మీదికి పోయి నిలబడ్డాను. ఎందుకు వచ్చానో తెలియకుండా ఆటోలు పోతుంటే చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి స్వప్న తానే దిగి మెయిన్ తీసి, చేతులు దులుపుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది.

"ఎటు పోయినవమ్మా?"

కోపంగా అడగలేదు. కంగారుగానూ అడగలేదు. కానీ యాభై ఏళ్ళుగా ఎవరైనా అడుగుతారేమోనని నేను భయపడుతూ వచ్చిన ప్రశ్న అదే.

మాది సిరిసిల్ల. నేత పని చేసేవాళ్ళం. మా నాన్నను మేము బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. బాపు సాంచాల మీద పనిచేసేవాడు. కరెంటుతో నడిచే మగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. మా గల్లీలో ఇటు మూడు షెడ్లు, అటు నాలుగు షెడ్లు ఉండేవి. పొద్దున్నుంచి రాత్రి దాకా టకటకమని ఒకటే మోత. కొత్తగా వచ్చిన చుట్టాలకు ఆ మోతలో నిద్ర పట్టేది కాదు, మాకు అది ఆగితే మెలకువ వచ్చేది. ఇంట్లో కూడా గొంతు పెంచే మాట్లాడుకునేవాళ్ళం. బాపు షిఫ్టు దిగి వస్తే ఆయన కంటే ముందు మెషీను నూనె వాసన వచ్చేది. కనుబొమ్మల మీద, చెవుల వెంట్రుకల మీద తెల్లటి దూది నుసి ఉండేది. కాళ్ళు కడుక్కోకుండా గడప దాటేవాడు కాదు, కడుక్కున్నాక తడి కాళ్ళతోనే ఇల్లంతా తిరిగేవాడు. దానికి అవ్వ రోజూ గొణిగేది.

అవ్వ బీడీలు చుట్టేది. గోడ పక్కన గోనె పట్టా పరచుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చుంటే పొద్దు గూకే దాకా లేచేది కాదు. తునికాకును ముందు రోజు నీళ్ళలో నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి ఉంచేది. ఆ పచ్చి ఆకు వాసన, తంబాకు ఘాటు, వాన పడితే పెంకుల నుంచి దిగే మట్టి వాసన, ఇవన్నీ కలిసిందే నాకు ఇల్లు. ఆమె వేళ్ళు చూడకుండానే పనిచేసేవి. కళ్ళు నా మీద ఉంచి, నాతో ఎక్కాలు చెప్పించుకుంటూ, వేళ్ళతో దారం చుట్టేసేది. తనకు ఎక్కాలు రావు. కానీ నేను తప్పు చెబితే నా గొంతును బట్టి పట్టుకునేది. "మళ్ళ చెప్పు. గిప్పుడు నీళ్ళు నమిలినవ్," అనేది.

ఒక ఎండాకాలం చివర్లో బాపు పంకా తెచ్చాడు. సీలింగు ఫ్యానును అందరం పంకా అనేవాళ్ళం. ఎవరో షావుకారు కొత్తది కొనుక్కుని పాతది తీసేస్తే బాపు అడిగి తెచ్చుకున్నాడు. సైకిలు వెనక గోనెసంచిలో పంకా గుండును, హ్యాండిలుకు కట్టిన రెక్కలను చూసి గల్లీలో జనం నవ్వారు. దానితో పాటు ఒక ఇనుప డబ్బా కూడా వచ్చింది. దాని ముందు పెద్ద నల్లటి చెవి ఉండేది. అది తిప్పితే పంకా వేగం పెరుగుతుంది, తగ్గుతుంది. పనివాణ్ణి పిలవమని అవ్వ అంటే బాపు ఒప్పుకోలేదు. "సాంచాల మోటర్లు ఇప్పి బిగిచ్చేటోన్ని, గీ పంకా నాకొక లెక్కనా?" అన్నాడు. శుక్రవారం సెలవు నాడు దూలానికి కొక్కెం కొట్టి పంకాను వేలాడదీశాడు. గోడ మీద సన్నని చెక్కపట్టీ కొట్టి దాని మీదుగా వైర్లు లాగాడు. ఇనుప డబ్బాను అవ్వ కూర్చునే చోటికి పైన, చేతికి అందేలా బిగించాడు. సాయంత్రం స్విచ్ వేస్తే పంకా తిరిగింది. అవ్వ చాటలోని తంబాకు ఒక్కసారిగా లేచి మా అందరి కళ్ళల్లో పడింది. ఏడుస్తూ, తుమ్ముతూ, నవ్వుతూ ఆ పూట గడిచిపోయింది.

రెండో రోజే అవ్వ చెప్పింది. "గా డబ్బా కరుత్తాంది." చెవి పట్టుకుంటే వేళ్ళ నుంచి మోచేతి దాకా జిల్లుమంటుందని. బాపు తాను ముట్టుకుని చూశాడు, చేయి విదిలించుకున్నాడు. "పాతది గదా, కొంచెం గుంజుతది. చేతితోని ముట్టకుర్రి," అన్నాడు. షెడ్డు నుంచి ఒక కండెను తెచ్చాడు. నూలు చుట్టుకునే చెక్క కడ్డీని కండె అంటారు. దాన్ని దారంతో డబ్బా పక్కన మేకుకు వేలాడదీశాడు. అప్పటి నుంచి కండెతో పొడిచి తిప్పడమే. నెల రోజుల్లో అది మా ఇంటి అలవాటైపోయింది. చుట్టాలు వస్తే ముందే చెప్పేవాళ్ళం. దాని పక్క నుంచి నడిచేటప్పుడు అందరం ఒంటిని కొంచెం ముడుచుకుని నడిచేవాళ్ళం. కరిచే కుక్క ఉన్న ఇంట్లో కూడా మనుషులు అట్లాగే బతుకుతారు. బతకగలుగుతున్నాం కదా అని ధైర్యంగా ఉంటారు.

అప్పటికి నాకు పన్నెండేళ్ళు. తమ్ముడు ఇంకా పుట్టలేదు. వానాకాలం. మూడు రోజులుగా ముసురు. బడి వదిలితే తడిసి ఇంటికి వచ్చాను. పెంకుల సందు నుంచి నీళ్ళు కారి అవ్వ చుట్టి పెట్టిన బీడీ కట్టలు సగం తడిశాయి. తడి బీడీలను ఖార్ఖానాలో తీసుకోరు. అవ్వ వాటిని విప్పి పంకా కింద పరిచింది. గోడ కూడా నానిపోయి ఉంది. ఒక చేతిలో ఆకు పిండిన తడిగుడ్డ ఉంది. "పంకా జోరు పెంచాలె," అంటూ లేచింది. ఆ పూట కండె మేకుకు ఉందో లేదో నాకు గుర్తు లేదు. ఉన్నా ఆమె దాని కోసం చూడలేదు. తడిచేత్తో డబ్బా చెవి పట్టుకుంది.

అరుపేమీ రాలేదు. నేను తల తుడుచుకుంటున్నాను. ఆమె ఇంకా తిప్పుతూనే ఉందనుకున్నాను. తర్వాత ఆమె భుజం చూశాను. భుజం చెవి దాకా లేచి బిగుసుకుపోయింది. మెడ నరాలు తాళ్ళలా తేలాయి. పళ్ళు కరుచుకుపోయాయి. ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది. చేయి మాత్రం డబ్బా చెవిని వదలడం లేదు. కళ్ళు తెరుచుకుని నా వైపే చూస్తున్నాయి.

స్విచ్ తలుపు దగ్గర ఉంది. పరుగెత్తి ఆపాను. పంకా మెల్లగా తిరిగి, తిరిగి ఆగిపోయింది. అవ్వ వణుకు ఆగలేదు.

ఆ క్షణాన్ని ఎట్లా చెప్పాలో ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు తెలియదు. స్విచ్ ఆపితే కరెంటు పోతుంది. పన్నెండేళ్ళ పిల్లకు అది పొద్దు పొడవడమంత నిజం. పంకా ఆగింది, పోయిందన్నమాటే. అయినా అది మా అవ్వను పట్టుకునే ఉంది. అంటే అది కరెంటు కాదు, ఇంకేదో. స్విచ్చుకు లొంగనిది. అవ్వ తర్వాత నన్ను పట్టుకునేది. నేను గడప దాటి పరుగెత్తాను.

సాయానికి పరుగెత్తానని తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. ఆ ఇంటి నుంచి దూరంగా పోవాలని పరుగెత్తాను. గల్లీ మలుపు దాకా పోయి, మురికినీళ్ళ మోరీ పక్కన ఆగి అప్పుడు అరిచాను. ఏడు షెడ్ల సాంచాలు నడుస్తున్నాయి. నా అరుపు నాకే వినిపించలేదు. వానకు తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఎవరూ రాలేదు. ఎవరూ రారని అర్థమయ్యాకే వెనక్కి తిరిగాను. ఎవరైనా ఒక్కరు తలుపు తీసి ఉంటే నేను ఆ ఇంట్లోకి మళ్ళీ అడుగు పెట్టేదాన్ని కాదు.

తలుపు వెనక రోకలి ఉంది. కరెంటు పట్టిన మనిషిని కట్టెతో కొట్టాలని షెడ్డు కబుర్లలో బాపు ఎప్పుడో చెప్పగా విన్నాను. రోకలికి ఒక కొసన ఇనుప పొన్ను ఉంటుంది. ఏ కొసను పట్టుకున్నానో, ఏ కొసతో కొట్టానో ఈ రోజుకూ నాకు తెలియదు. కళ్ళు మూసుకుని అవ్వ ముంజేతి మీద బలమంతా పెట్టి కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు మాత్రం సాంచాల మోతలో కూడా వినిపించింది. అవ్వ పరిచిన బీడీల మీద పడిపోయింది. కాసేపటికి పెద్దగా ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి నేను విన్న శబ్దాలన్నిటిలోకీ భయంకరమైనది. దాని కంటే చల్లనిదీ లేదు.

తర్వాత ఇంటి ముందు నుంచి పోతున్నవాళ్ళెవరో చూసి చెబితే బాపు వచ్చాడు. ముందు ఫ్యూజు పీకేశాడు. అవ్వను ఎత్తుకుని దవాఖానాకు పోయాడు. మర్నాడు షెడ్డులో మోటర్లు బాగుచేసే మల్లేశం మేస్త్రీ వచ్చి, వైరు వెంబడి వేలు నడుపుతూ అంతా చూశాడు. ఇనుప డబ్బాలో వైరు మీది తొడుగు కాలిపోయి ఇనుముకు తగులుతోంది. అది ఒకటి. రెండోది బాపు చేసింది.

"రెండు తీగెలుంటయన్నా," అన్నాడు మల్లేశం. "ఒకటి తెచ్చేది, ఒకటి వాపస్ కొంటవొయ్యేది. స్విచ్ తెచ్చేదాన్ని తెంపాలె. నువ్వు కొంటవొయ్యేదాన్ని తెంపినవ్. పంకా ఆగుతది గని కరెంటు ఆడనే కూసుంటది. గోనె పట్టా మీద నిలవడ్డది గాబట్టి వదినె బతికింది."

బాపు గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. ఆ రోజు అన్నం తినలేదు. "నేనే కట్టిన," అని రెండుసార్లు అన్నాడు, ఎవరితోనూ కాదు. తర్వాత పది రోజులు షిఫ్టు దిగి మల్లేశం దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. ఒక శుక్రవారం పాత వైరంతా పీకి, కొత్త వైరు లాగాడు. డబ్బా మార్చాడు. అవ్వ కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని చూస్తోంది. అంతా అయ్యాక బాపు బిందె తెచ్చి గోడ కింద నీళ్ళు పోశాడు. చెప్పుల్లేని కాళ్ళతో ఆ నీళ్ళలో నిలబడి స్విచ్ వేశాడు. పంకా తిరిగింది.

ఆయన ఏం చేయబోతున్నాడో అవ్వకు ముందు అర్థమైంది. "అద్దు! నీకు పానం బరువైందా? అద్దయ్యా!" అని అరిచింది. బాపు వినలేదు. కళ్ళు మూసుకుని, అరచేయి మొత్తం ఆ కొత్త డబ్బాకు ఆనించాడు. నేను తలుపు వెనక రోకలి వైపు చూశాను. మళ్ళీ నేనే కొట్టాలేమో, ఈసారి కొట్టగలనో లేదో అనుకున్నాను. ఏమీ కాలేదు. బాపు చేయి తీసి, ఆ అరచేతినే చూసుకుంటూ చాలాసేపు నీళ్ళలో నిలబడ్డాడు. తర్వాత అవ్వ దగ్గరికి వచ్చి, "ఇగ గీ డబ్బా కరువది," అన్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అవ్వ చేయి అతికింది కానీ కొంచెం వంకరగా. చూపుడు వేలు పూర్తిగా ముడుచుకోలేదు. బీడీలు మునుపటంత జోరుగా చుట్టలేకపోయేది. కానీ గల్లీలో ఆ మాట ఎవరూ అనలేదు. అందరూ నన్ను పొగిడారు. "తల్లి పానం కాపాడిన పోరి," అని చుట్టాలు వచ్చి బుగ్గలు నిమిరేవాళ్ళు. బడిలో పంతులు నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. నేను తల వంచుకుంటే సిగ్గనుకున్నారు. మోరీ పక్కన నిలబడ్డ సంగతి ఎవరికీ చెప్పలేదు. బాపు చనిపోయే దాకా ఆయనకూ చెప్పలేదు. పెళ్ళయ్యాక మా ఆయనకూ చెప్పలేదు. వయసు పెరిగితే భయం తగ్గుతుందంటారు. నాది తగ్గలేదు. కరెంటు నన్ను పట్టుకుంటుందని కాదు, నా వాళ్ళను పట్టుకున్నప్పుడు నేను మళ్ళీ పరుగెత్తుతానని.

ఇదంతా ఆ ఆదివారం స్వప్నకు వరండా మెట్ల మీద కూర్చుని చెప్పాను. అంతా విని అది లేచి హాల్లోని స్విచ్ బోర్డు విప్పింది. ఇల్లు కట్టినప్పుడు వైర్లు కలిపినవాళ్ళెవరో రెండు తీగలనూ తారుమారు చేశారు. బాపు చేసిన తప్పే. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఫ్యాను కిందే మేము తిన్నాం, పడుకున్నాం. రెక్కలు తుడిచేటప్పుడు ఎవరికీ ఏమీ కాకపోవడం మా అదృష్టం. స్వప్న తీగలు మార్చింది, కండెన్సర్ బిగించింది. మిగతా గదులన్నీ తిరిగి టెస్టరుతో చూసింది. వరండాలో కొత్తగా ఒక బ్రేకరు పెట్టించింది. ఎక్కడ కొంచెం కరెంటు లీకైనా రెప్పపాటులో అదే తెంచేస్తుందట. అప్పుడు మనిషి అరచేయి పెట్టి చూసుకున్నదాన్ని ఇప్పుడు గోడ మీది చిన్న మీట చూసుకుంటుంది. చాలా మంచి కాలం. అయినా మా హాల్లో ఆ పూట భయం ఏమీ తక్కువ లేదు. తప్పు మనిషి చేతిలోంచి వస్తుంది, భయం మనిషి కాళ్ళలో ఉంటుంది. ఈ రెండూ మారినట్టు నాకు కనపడలేదు.

"అమ్మమ్మకు చెప్పు," అంది స్వప్న పోతూ పోతూ. "నాకు గాదు, ఆమెకు చెప్పాలె."

బుధవారం వేములవాడ మీదుగా బస్సెక్కి సిరిసిల్ల పోయాను. దారంతా చెప్పకుండా తిరిగి రావడానికి సాకులు వెతుక్కున్నాను. అవ్వ తమ్ముడి దగ్గర ఉంటుంది. ఎనభై దాటినా ఖాళీగా కూర్చోదు. నేను పోయేసరికి చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ కొంత తీశాను. మరదలు నీళ్ళు పట్టడానికి బయటికి పోయాక అవ్వ వంకర చేయి పట్టుకున్నాను.

"అవ్వా, నీకు కరెంటు పట్టిన్నాడు... నేను ముందుగాల నిన్ను ఇడిసిపెట్టి బయటికి ఉరికిన. ఎవల్లకు చెప్పలే."

అవ్వ తల ఎత్తకుండానే, "నాకెరుకే గదా," అంది.

"ఎట్లెరుక?"

"నా కండ్ల ముంగట్నే ఉరికితివి గదనే. పెయ్యంత కట్టె లెక్క బిగుసుకపోయింది గని కండ్లకు అంత కనవడవట్టె."

"మరి ఇన్నేండ్లు ఒక్కసారన్న అడుగకపోతివి."

"ఏమని అడగాలె?" అవ్వ చింతపండు పక్కన పెట్టి ఇప్పుడు నా ముఖంలోకి చూసింది. "ఉరుకు బిడ్డా, నన్ను ముట్టకు, ఉరుకు అని లోపట లోపట మొత్తుకున్న. నోరు రాకపాయె. నువ్వు గడప దాటంగనే నా పానం నిమ్మలమైంది. ఇగ పోతె నేనొక్కదాన్నే పోత అనుకున్న. గప్పటిదాంక నాకు భయం గాలే." ఆమె వేళ్ళు నా మణికట్టు చుట్టూ బిగిశాయి. "నువ్వు రోకలి వట్టుకొని మర్లి ఇంట్లకచ్చినవు సూడు, గప్పుడు భయపడ్డ."